ఆకాశం ఎర్రబడని సాయంత్రాలు

1995లో దసరా వెళ్ళిన వారం నన్ను భిలాయికి వేశారు. హోదా సీనియర్ సైంటిఫిక్ ఆఫీసరు. ఉత్తర్వులో పని పేరు ‘ప్రయోగాత్మక దృశ్య పరిశీలన కేంద్రం, ఒక సీజను.’ మా డిపార్ట్‌మెంటులో దానికి ఇంకో పేరుండేది: పార్వతి ఇంటికెళ్ళే స్కీము. నా ఎదురుగానే అనేవాళ్ళు, నేనూ నవ్వేదాన్ని. అబద్ధమైతే కదా కోపం రావడానికి!

నేను పుట్టింది భిలాయి క్యాంప్ 1లో. మా నాన్న అక్కడ ఉక్కు ప్లాంటు కడుతున్న రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాడు. చదువూ ఉద్యోగం నన్ను దక్షిణాదికి లాక్కుపోయాయి. పెళ్ళి మాత్రం మళ్ళీ భిలాయిలోనే అయింది. మా ఆయన అప్పలరాజు ప్లాంటులో ఫోర్‌మన్, సెక్టర్ 2లో క్వార్టరు. మా అమ్మాయి రేణు అక్కడే, మా ఆయన అక్కగారు సింహాచలం వదిన చేతుల మీద పెరుగుతోంది. ఇద్దరిలో ఎవరికీ బదిలీకి దారి లేదు. ఉపగ్రహాలు చూసేవాళ్ళతో భిలాయికి పనిలేదు, నేనుండే ఊళ్ళో కొలిమి లేదు. అంచేత నేను సెలవులకి వచ్చే మనిషిని.

ఆ ముందటి వేసవిలో నేను రైలు దిగి ఇంటికి రాగానే రేణు, “మమ్మీ, నువ్వెప్పుడు ఎల్తావ్?” అని అడిగింది. బాధపెట్టాలని కాదు. నేనుంటే అది అత్తయ్య పక్కన పడుకోవాలి, లేకపోతే వాళ్ళ నాన్న గదిలో. ఎన్నాళ్ళకి పక్క మార్చుకోవాలో తెలుసుకుందామని అడిగింది, అంతే. నాకు మాత్రం ప్రాణం ఉసూరుమంది. సెలవు అయి వెనక్కి వెళ్ళిన రోజే మధ్య భారతంలో ఒక కేంద్రం కావాలన్న ప్రతిపాదన రాయడం మొదలుపెట్టాను.

ప్రతిపాదనలో పస లేకపోలేదు. అదేమిటో చెప్పాలంటే మా వృత్తి గురించి కొంచెం చెప్పాలి.

భూమి చుట్టూ తిరిగేవన్నీ పనిచేసే ఉపగ్రహాలు కావు. పని అయిపోయినవి, వాటిని మోసుకెళ్ళిన రాకెట్ల ఖాళీ డొక్కులు, పగిలిన ముక్కలు కూడా తిరుగుతుంటాయి. ప్రతిదాని కక్ష్యా మా కేటలాగులో ఉంటుంది. చూసిన రోజున ఫలానా వస్తువు ఫలానా చోట ఉందని గట్టిగా చెప్పగలం. చూడకుండా రోజులు గడిచేకొద్దీ ఆ గట్టితనం పలచబడుతుంది. పై పొరల్లో ఉన్న ఆ కాస్త గాలి ఒరిపిడే చాలు, వస్తువుని మన లెక్క నుంచి కొద్దికొద్దిగా పక్కకి జరపడానికి. మరీ ఆలస్యం చేస్తే వెతికిన చోట కనబడదు. దాన్ని మేం ‘తప్పిపోయింది’ అంటాం.

వస్తువులు చాలా, చూసే సెన్సార్లు కొన్నే. ఒక టెలిస్కోపు ఒకసారికి ఒకదాన్నే చూస్తుంది. దాన్ని వదిలి ఇంకోవైపు తిరగడానికి కొంత సమయం పోతుంది. పైగా తక్కువ ఎత్తులో తిరిగేవాటిని దూరదర్శినితో చూడాలంటే సంధ్యవేళే కుదురుతుంది. కింద వీధి దీపాలు వెలిగించిన తర్వాత కూడా ఎత్తున ఎగిరే గద్ద రెక్కకి ఎండ తగులుతూ ఉంటుంది చూడండి, అలాగన్నమాట: మనకి చీకటి పడాలి, దానికి ఇంకా ఎండ ఉండాలి. ఆ కొద్దిసేపట్లో ఏ కేంద్రం ఏ వస్తువుని ఏ వరసలో చూస్తే మొత్తం కేటలాగులో అనిశ్చితి అన్నిటికన్నా ఎక్కువ తగ్గుతుంది? ఇదే సెన్సార్ల షెడ్యూలింగు. దారులు లెక్కకు మించి ఉంటాయి, అన్నీ ప్రయత్నించి చూడటం ఏ కంప్యూటరు తరమూ కాదు.

నాకు ముందు వాడిన పద్ధతి, ప్రతి క్షణానా కళ్ళెదుట ఉన్నవాటిలో ఎక్కువ లాభమున్నదాన్ని పట్టుకోవడం. మేం దాన్ని ఆశపోతు పద్ధతి అనేవాళ్ళం. ఇప్పుడు దొరికిన ఒకదానికోసం తర్వాత రాబోయే రెండింటిని పోగొట్టుకుంటుంది. నేను రాసిన ప్రోగ్రాం ఎనీలింగ్ మీద నడిచేది. ఉక్కుని బాగా వేడిచేసి నిదానంగా చల్లారిస్తే లోపలి అణువులు సర్దుకుని కూచుంటాయి, ఆ పనికే ఆ పేరు. ప్రోగ్రాం కూడా ఒక షెడ్యూలు తీసుకుని పనులను ఈ కేంద్రం నుంచి ఆ కేంద్రానికి మార్చి చూస్తుంది. మొదట్లో, అంటే ‘వేడిగా’ ఉన్నప్పుడు, నష్టం వచ్చే మార్పుని కూడా అప్పుడప్పుడు ఒప్పుకుంటుంది. చల్లబడేకొద్దీ లాభం వచ్చేవాటినే ఒప్పుకుంటుంది. తొందరపడి చల్లారిస్తే మొదట తగిలిన ఏదో ఒక షెడ్యూల్లో ఇరుక్కుపోతుంది. ఇదంతా మా ఆయనకి చెబితే బుద్ధిగా విని, “మా ఊరి ఇద్య మీ మేడమ్ముల్కి ఎవులు సెప్పీసినారు?” అన్నాడు.

ప్రోగ్రాం లోపల ప్రతి కేంద్రానికీ ఒక నమ్మకపు అంకె ఉండేది. అప్పజెప్పిన పనుల్లో ఎన్ని నెరవేరాయో చూసి ఆ అంకె పెరగడమో తగ్గడమో జరుగుతుంది. మబ్బుల ఊరికి తక్కువ, ఎండు కొండకి ఎక్కువ. మా డిప్యూటీ డైరెక్టరు నాగరాజన్ గారు భిలాయి ప్రయోగానికి పెట్టిన షరతు ఈ అంకె మీదే. సీజను చివర అన్ని కేంద్రాలనూ ఇచ్చి ప్రోగ్రాంని స్వేచ్ఛగా నడపాలి. అది తనంతట తాను భిలాయికి చెప్పుకోదగ్గ పని ఇస్తే కేంద్రం శాశ్వతం, నేను దాని బాధ్యురాలిని. ఇవ్వకపోతే టెలిస్కోపు ట్రైలరు ఎక్కుతుంది, నేను రైలెక్కుతాను. షరతు న్యాయమైనది. నా ప్రోగ్రాం మీద నాకు నమ్మకం ఉండేది కనక సంతోషంగా ఒప్పుకున్నాను.

ఊరి అంచున కోహ్కా దాటాక ఒక ధాన్యం గోదాము పక్క ఖాళీ స్థలంలో టెలిస్కోపు నిలబెట్టాం. దాన్ని నడిపే మెకానిక్కు పక్క ఊరు దుర్గ్ నుంచి వచ్చే సాహూ భయ్యా. మాటకి ముందు నవ్వే మనిషి. మధ్యాహ్నం నేను షెడ్యూలు తయారుచేసి ఫోను లైను మీద మిగతా కేంద్రాలకి పంపేదాన్ని, సాయంత్రం ఇద్దరం మా వంతు పని చేసేవాళ్ళం. ఆ రోజు పని ఎప్పటికి అవుతుందో నేను భోజనానికి వచ్చినప్పుడే ఇంట్లో చెప్పేదాన్ని. దాన్నిబట్టి వదిన పొయ్యి మీద అన్నం ఎసరు పెట్టేది. ఏళ్ళ తర్వాత ఒక ఇంట్లో నా రాక కోసం అన్నం ఉడుకుతోంది! నేను గాల్లో తేలిపోతూ పనికి వెళ్ళేదాన్ని.

పని మాత్రం తేలలేదు. వస్తువు సరిగ్గా చట్రంలోకి వచ్చే వేళకి కెమెరాలో ఆకాశమంతా తెల్లగా పాలిపోయేది, చుక్క అందులో కలిసిపోయేది. రోజూ కాదు, ఒకే వేళకీ కాదు. కెమెరా అనుకున్నాం, మార్చాం. తేమ అనుకున్నాం, తుడిచాం. చివరికొక సాయంత్రం నేను తెర మీంచి తలెత్తి ప్లాంటు వైపు చూశాను. ఆకాశం కింది సగం దానిమ్మ గింజలా ఎర్రగా ఉంది.

భిలాయివాళ్ళకి చెప్పక్కర్లేదు. బ్లాస్ట్ ఫర్నేసులో ఇనుము మీద తేలే తెట్టుని స్లాగ్ అంటారు. కరిగి మరుగుతున్న ఆ స్లాగ్‌ని పెద్ద పెద్ద గుండిగల్లో పట్టి, వాటిని రైలు బోగీల మీద డంపుకి తీసుకెళ్ళి ఒంపుతారు. ఆ గుండిగల్ని పాట్లు అంటారు, వాటి వరసని రేక్ అంటారు. ఒంపినప్పుడల్లా ఊరి ఆకాశం ఎర్రబడి ఆరిపోతుంది. మా చిన్నప్పుడు క్యాంప్ 1లో గోడల మీద ఆ ఎరుపు పడితే ఎవరం తలతిప్పి చూసేవాళ్ళం కాదు.

అదే కొంప ముంచింది. స్థలం చూడటానికి వచ్చిన మా సర్వే ఆఫీసరు ఊళ్ళో ప్రతివాణ్ణీ అడిగాడు, సాయంత్రాలు ఇక్కడ వెలుగు ఏమైనా ఉంటుందా అని. టీ కొట్టువాడూ, గోదాము యజమానీ, మా వదినా అందరూ ఒకటే మాట చెప్పారు: ఇక్కడేముంది, చీకటే. అతనున్న రెండు సాయంత్రాలూ మబ్బు. నేను అసలు విషయం ఇంట్లో చెప్పినప్పుడు వదిన నిజంగానే ఆశ్చర్యపోయింది.

“ఓలమ్మ, అదీ ఎలుగేనేటి?” అంది.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నాగరాజన్ గారికి ఆ రోజే ఫోనులో చెప్పాను. సీజను పూర్తికానివ్వండి, అంకె ఏం చెబుతుందో చూద్దాం అన్నారు. అంకె దిగుతూనే ఉంది. ప్రతి మధ్యాహ్నం నా ప్రోగ్రాం నా కేంద్రానికి నిన్నటికన్నా తక్కువ పని ఇచ్చేది. నేనే రాసిన సూత్రం, నా కళ్ళముందే నన్ను ఇంట్లోంచి మెల్లగా బయటికి నెడుతోంది. తప్పు పట్టడానికి అందులో ఏమీ లేదు. అది ఇంకా మంట.

మా ఆయన పని చెప్పలేదు కదా. ఆయన స్లాగ్ రేకుల ఫోర్‌మన్. ఏ రేక్ ఎప్పుడు కదలాలో లోకో డ్రైవరుకి చెప్పేది ఆయనే. స్లాగ్ వేళలు ముందుగా తెలిస్తే వాటిని తప్పించి షెడ్యూలు వేసుకోవచ్చని ఆశపడి అడిగాను. కుదరదన్నాడు. ఫర్నేసు దాని వీలునిబట్టి దించుతుంది, దించాక స్లాగ్ ఎక్కువసేపు ఆగదు, ఆగితే గడ్డకడుతుంది అని చెప్పి చెయ్యి కడుక్కుని లేచాడు. ఆ మాట అక్కడితో అయిపోయిందనుకున్నాను.

తర్వాతి వారం ఆకాశం బాగుపడింది. ఎంత బాగుపడిందంటే, సాహూ భయ్యా ప్లాంటు వైపు చెయ్యి చూపించి, “దీదీ, ఆజ్ తో కమాల్ హై,” అని మెచ్చుకున్నాడు. ఇచ్చిన పనల్లా నెరవేరింది. అంకె ఎక్కడం మొదలుపెట్టింది, ప్రోగ్రాం మళ్ళీ పని పంపింది. ఆ వారంలోనే, మిగతా కేంద్రాలన్నీ ఆశ వదిలేసిన ఒక పాత రాకెట్ డొక్కు మాకు చిక్కింది. చాలాకాలంగా తప్పిపోయిన వస్తువు. ప్లాంటు మీదుగా, ఎప్పుడూ ఎర్రబడే సరిగ్గా ఆ ముక్కలోంచి, చిన్న తెల్లని గీతలా జారిపోయింది. నాగరాజన్ గారు ఫోను చేసి మెచ్చుకున్నారు. ఇలాగే సాగితే కేంద్రం శాశ్వతం చేయమని తానే రాస్తానన్నారు. ఆయన నోట అంత మాట రావడం నేనెప్పుడూ వినలేదు.

ఆ రోజు ఇంటికెళ్ళి రేణుతో చెప్పాను, ఇక నేనెక్కడికీ వెళ్ళనేమో అని. అది, అయితే నీకు కూడా ఒక బీరువా అర కావాలి అంది. తన బట్టలు జరిపి అప్పటికప్పుడు ఒక అర ఖాళీ చేసింది. నా చీరలు అందులో పెట్టుకున్నాను. అంత గొప్పగా నాకు ఏ ప్రమోషనూ అనిపించలేదు.

షెడ్యూళ్ళు రాసేవాళ్ళకి ఒక జబ్బుంటుంది. ఎక్కడ క్రమం కనబడినా దాన్ని ఎవరో వేశారనే అనిపిస్తుంది. ఆ వారం ఆకాశపు వెలుగు రికార్డు తీసి చూస్తున్నాను. స్లాగ్ ఆగలేదు, ఒంపుతూనే ఉన్నారు. కానీ ప్రతి సాయంత్రం నా చివరి పని అయిన కాసేపటికే ఎరుపు మొదలైంది. నా పని తొందరగా అయిన రోజు తొందరగా, ఆలస్యమైన రోజు ఆలస్యంగా. ఫర్నేసుకి నా వేళలు తెలియవు. నా వేళలు తెలిసినవాళ్ళు ఒక ఇంట్లోనే ఉన్నారు. నేనే కదా రోజూ చెప్పి వెళ్ళేది.

ఆ రాత్రి పని ముగించుకొచ్చి, ఆయన డ్యూటీ దిగి వచ్చేదాకా వరండాలో నిలబడే ఉన్నాను. చొక్కా చేతి మీద నిప్పురవ్వలు పడిన చిల్లులు కొత్తగా ఉన్నాయి. రేక్ ఆపుతున్నావా అని అడిగాను. ఆయన చెప్పులు విడుస్తూ, దాచకుండా చెప్పాడు.

“నువ్వే కదా సెప్పినావు, ఆకాశం ఎర్రబడితే నీ పనవ్వదని. నీ పనయ్యీదాకా యార్డులో ఆపినాను. రెండు పాట్ల మీద పొర కట్టీసింది, దగ్గరుండి కొట్టించినాను.”

నాకు ఒళ్ళు మండిపోయింది. పొర కింద మరిగే స్లాగ్ ఉంటుంది. దాన్ని బద్దలు కొట్టేటప్పుడు ఎగిసి మీదపడితే మనిషి మిగలడు. ప్లాంటువాళ్ళ కూతుర్ని, నాకొకరు చెప్పాలా? నీ కింద పనిచేసేవాళ్ళకి పెళ్ళాం పిల్లలు లేరా, నా టెలిస్కోపు కోసం వాళ్ళని కాల్చుకు తింటావా అని నోటికొచ్చినట్టు తిట్టాను. వదిన రేణుని లోపలికి తీసుకుపోయింది. ఆయన అంతా విన్నాడు. నిజమే, తప్పే అన్నాడు. పైవాళ్ళు అప్పటికే మెమో ఇచ్చారట. రేపటినుంచి ఆపనన్నాడు. అయినా, అసలెందుకు చేశావని అడిగాను. అడగవలసిన ప్రశ్న కాదు.

“నువ్వుండిపోతావనీసి,” అన్నాడు.

మా పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఉండిపొమ్మని ఆయన ఒక్కసారీ అడగలేదు. నా ఉద్యోగం నాకెంత ముఖ్యమో ఆయనకి తెలుసు కనక అడగలేదు. నేను స్టేషన్లో ఎక్కేటప్పుడు సామాను సర్ది, నీళ్ళ సీసా నింపి ఇచ్చి, బండి కదలకముందే వెళ్ళిపోయేవాడు. లోపల ఇంత ఉందని చెప్పడానికి ఆయనకి దొరికిన మార్గం, ఒక రేకెడు నిప్పుని పట్టి ఆపడం.

సీజను ముగియవచ్చింది, మర్నాడే లెక్కకి కూచున్నాను. ఇక్కడ వృత్తి సంగతి ఒకటి స్పష్టంగా చెప్పాలి. ఆ వారం తీసిన కొలతలు నిజమైనవి. డొక్కు అక్కడే ఉంది, మేం చూశాం. అవి కేటలాగులో ఉంచాను. కానీ ఆ వారం వల్ల పెరిగిన నమ్మకపు అంకె నిజం కాదు. ఆ అంకె చెప్పేది రేపు కూడా ఇలాగే చూడగలమని. రేపు చూడలేం. కాబట్టి ఆ సాయంత్రాలను అంకెలోంచి తీసేసి, అన్ని కేంద్రాలనూ ఇచ్చి, షరతు ప్రకారం ప్రోగ్రాం నడిపాను.

భిలాయికి దాదాపు ఏమీ రాలేదు.

తొందరగా చల్లార్చానేమో అనుకున్నాను. మధ్యాహ్నం మొదలుపెట్టి పొద్దువాలేదాకా నిదానంగా చల్లార్చాను. అదే జవాబు. మొదటి షెడ్యూల్లో పనులన్నీ భిలాయికే కట్టబెట్టి అక్కడినుంచి నడిపాను. వేడిలో ఒకటొకటిగా జారి మిగతా కేంద్రాలకి పోయాయి. ఎనీలింగ్ బాగా కుదిరిందనడానికి గుర్తు అదే: ఎక్కడినుంచి మొదలుపెట్టినా ఒకే జవాబుకి వస్తుంది. నా ప్రోగ్రాం అంత బాగా పనిచేయడం నేను అంతకుముందు చూడలేదు. తెర ముందు కూచుని ఏడ్చాను. సాహూ భయ్యా టీ తెచ్చి పక్కన పెట్టి బయటికి వెళ్ళాడు.

నాగరాజన్ గారికి ఫోను చేసి ఫలితం చెప్పాను. ఆయన ఒకటే అడిగారు, మరి ఆ వారం ఎందుకు బాగుంది అని. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన, నా సిఫారసు వాపసు తీసుకుంటాను, కారణం స్లాగ్ వెలుగు అని రాయండి, చాలు, మీవాళ్ళ పేరు అక్కర్లేదు అన్నారు. కఠినమైన మనిషని పేరు ఆయనకి. ఆ తర్వాత నాకెవరు ఆ మాట అన్నా ఒప్పుకోలేదు.

హోలీకి ముందే ట్రైలరు వచ్చింది. రేణు బీరువాలో నా అరని ఖాళీ చేయనివ్వలేదు, రెండు చీరలు ఉంచేసి వెళ్ళమంది. ఉంచాను. స్టేషన్లో మా ఆయన ఎప్పటిలాగే సామాను సర్దాడు, సీసాలో నీళ్ళు నింపాడు. ఈసారి మాత్రం బండి కదిలేదాకా కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాడు. బండి ఊరు దాటుతుంటే ప్లాంటు వైపు ఆకాశం ఎర్రబడింది. నేను ఆ ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషిని, అది వెలుగని ఆ రోజు తెలిసింది.

మిగతా సర్వీసు దక్షిణాదిలోనే చేశాను, సెలవులకి భిలాయి వెళ్ళి వస్తూ. మేమిద్దరం ఒక ఇంట్లో ఉండటం మొదలుపెట్టింది ఇద్దరం రిటైరయ్యాకే. మధ్యలో పోయిన సాయంత్రాలు ఏ లెక్కలోనూ తిరిగి రావు, వాటికోసం మనసు ఇప్పటికీ కొట్టుకుంటుంది. ఆ రాకెట్ డొక్కు మాత్రం మళ్ళీ తప్పిపోలేదు. నా తర్వాతి షెడ్యూళ్ళలో అప్పుడప్పుడు దాని వంతు వచ్చేది. ఏ కేంద్రానికి రాసిపెట్టినా, నేను దాన్ని మొదట చూసిన ఆకాశపు ముక్క నాకు తెలుసు.

ఆ సీజను నేర్పింది ఒకటి ఉంది. నా కింద చేరిన ప్రతి కుర్ర ఆఫీసరుకీ అది మొదటివారమే చెప్పేదాన్ని. కొలత చెడిపోయిన రోజు ఎందుకు చెడిందని అందరూ వెతుకుతారు. బాగా వచ్చిన రోజున ఎవరూ వెతకరు, సంతోషించి ఊరుకుంటారు. మీరు ఊరుకోకండి, ఆకాశం ఈ రోజు ఎందుకు బాగుందో కనుక్కోండి అనేదాన్ని. మీకెలా తెలిసింది మేడమ్ అని ఒకరిద్దరు అడిగారు. ఒకసారి కనుక్కున్నాను అని మాత్రం చెప్పాను.